గాలివానకు పడిన గెలలో పిండి ఉంది

సంపాదకులకు,

గాలివానకు మా లంకల్లో అరటి తోటలు పడిపోయినప్పుడల్లా పేపర్లో ఫొటో వేస్తారు, ఎన్ని ఎకరాలు పోయిందో రాస్తారు. పడిన గెల ఏమవుతుందో మాత్రం రాయరు. ముదరని కాయ సరిగ్గా పండదు కనుక రావులపాలెం యార్డుకి తోలినా కొనేవాళ్లుండరు. సగం పశువులకి, సగం గట్టు మీదికి.

మూడేళ్ల కిందట అలా పడిన బొంత (కూర అరటి రకం) కాయలతోనే నేను పిండి చెయ్యడం మొదలుపెట్టాను. తొక్క తీసి, చక్రాలు కోసి, నల్లబడకుండా పుల్ల మజ్జిగ నీళ్లలో వేసి, ఎండ కాసిన రోజున డాబా మీద ఆరబోసి, మరలో ఆడిస్తాం. పచ్చి అరటిని ఎండబెడితే అందులో సుమారు ముప్పాతిక వంతు స్టార్చే, అంటే పిండి పదార్థమే. పండితే అందులో చాలావరకు చక్కెర అయిపోతుంది.

రొట్టెకి, జావకి మా పిండి బాగానే పోయింది. సూప్ పొడి తయారుచేసే ఒకాయన మాత్రం కిలో శాంపిల్ పట్టుకెళ్లి తిప్పి పంపేశారు. "వేడి మీద గరిటె తిరగట్లేదు, చల్లారాక నీళ్లు వదిలేస్తోందండీ" అన్నారు. నేనూ కాచి చూశాను. పొద్దున కాచింది సాయంత్రానికి ముద్ద ఒకపక్క, నీళ్లు ఒకపక్క.

ఈ గుణం మార్చడానికి ఫ్యాక్టరీల్లో యాసిడ్, బ్లీచింగ్ లాంటివి వాడి తర్వాత నీళ్లతో కడుగుతారట. మా పెరట్లో అయ్యే పని కాదు. ఫుడ్ టెక్నాలజీ చదువుతున్న మా మేనకోడలు కోల్డ్ ప్లాస్మా గురించి చెప్పింది. ప్లాస్మా అంటే ఆస్పత్రిలో ఎక్కించేదనుకున్నాను! ఇది వేరు, కరెంటు పారి చురుకెక్కిన వాయువు; ట్యూబ్‌లైట్ లోపల వెలిగేదీ ప్లాస్మాయేనట. గాలిలోంచి హై వోల్టేజి కరెంటు పంపితే ఓజోన్ లాంటి చురుకైన పదార్థాలు పుడతాయి. అవి పిండి రేణువు పైపొరను గీరి, స్టార్చ్ అణువుల పొడవాటి గొలుసులను అక్కడక్కడ తెంచుతాయి. దాంతో చిక్కదనం తగ్గుతుంది, నీళ్లలో కలవడం పెరుగుతుంది. కడగక్కర్లేదు, కొన్ని నిమిషాల పని.

అయితే వాయువు, వోల్టేజి, సమయం మారితే ఫలితమూ మారుతుంది. ఒక్కోసారి గొలుసులు తెగకుండా ఒకదానికొకటి ముడిపడతాయి కూడా. అందుకే మా బొంతకి ఎన్ని నిమిషాలు, కర్పూర రకానికి ఎన్ని నిమిషాలు అన్నది ఎవరో ఒకరు కూర్చుని తేల్చాలి. తిరుచ్చిలో జాతీయ అరటి పరిశోధన కేంద్రం ఉంది, నిజమే. మాకు తిరుచ్చి ఎక్కడ, కొవ్వూరు ఎక్కడ? కొవ్వూరులోని ఉద్యాన పరిశోధన స్థానంలో ఒక చిన్న ప్లాస్మా మెషీన్ పెట్టి, వారానికో రోజు మాలాంటి వాళ్లు తెచ్చిన పిండి చూడమనండి. ఫీజు పెట్టినా కడతాం.

ప్యాకెట్ మీద 'షుగర్ ఉన్నవాళ్లకి మంచిది' అని వేసుకోమని సలహాలు బాగా వస్తున్నాయి. పచ్చి అరటి స్టార్చ్ త్వరగా అరగదు కానీ, ఉడికిస్తే ఆ గుణం చాలావరకు పోతుంది. పచ్చి పిండి ఎవరు బుక్కుతారు? అందుకే వెయ్యలేదు.

పోయిన గాలివాన తాలూకు పిండి డబ్బాలో ఇంకా రెండు కిలోలుంది. ఏ రోజు తెమ్మంటే ఆ రోజు తెస్తాను.

– ఒక అరటి రైతు భార్య, రావులపాలెం మండలం, కోనసీమ