మన ఊరి సంఘం 2024–25 వార్షిక నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షులు మాస్టారికి, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం. బైలా ప్రకారం ఏడాదికోసారి కార్యదర్శి నివేదిక చదవాలి కాబట్టి చదువుతున్నాను. చదివేది నేనొక్కడినే అయినా పని చేసింది పదిమంది. ఆ పదిమందీ ఎవరో ఊరందరికీ తెలుసు, మిగతావాళ్ళకి ఇంకా బాగా తెలుసు.

ముందుగా కృతజ్ఞతలు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మన శ్రీకాకుళం ఉద్దానంలో డయాలసిస్ చేయించుకునేవాళ్ళని వారానికి మూడుసార్లు పలాస తీసుకెళ్ళి తెచ్చిన ఆటో తమ్ముడు డీజిల్ ఖర్చు తప్ప పైసా పుచ్చుకోలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచాక మనకి విశాఖ ప్రయాణాలు తగ్గాయి గానీ, ఆటో ఎక్కాల్సిన రోజులు తగ్గవు కదా. చెన్నై, హైదరాబాదు నుంచి నెలనెలా ఫోన్‌పే చేసిన వలస తమ్ముళ్ళకి, సమావేశానికి గది ఇచ్చిన హెడ్మాస్టరు గారికి, టీలు పోసి డబ్బులడగని హోటలు అప్పకి నమస్కారాలు. జీడి పిక్కల 80 కిలోల బస్తాకి గిట్టుబాటు ధర కోసం పలాస ధర్నాకి రెండుసార్లు వెళ్ళాం, వచ్చాం.

ఇక ఈ ఏడు నేను చెప్పుకోదలచింది ఒకటుంది. కాస్త ఓపిక పట్టండి.

బీరువాలో నష్టాల రిజిస్టరు ఉంది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మన వజ్రపుకొత్తూరు తీరం దాటాక, కరెంటు లేక, టార్పాలిన్ కింద కూర్చుని చేత్తో రాసిన పుస్తకం అది. రైతు పేరు, సర్వే నంబరు, కూలిన కొబ్బరి, కూలిన జీడి: నాలుగు గడులు. తడికి సిరా అలుక్కుపోయిన పేజీలు ఇప్పటికీ ఒకదానికొకటి అంటుకునే ఉంటాయి. 2013లో ఫైలిన్ వచ్చింది అక్టోబరు 12నే, మరుసటేడు హుద్‌హుద్ వచ్చిందీ అదే తారీఖున. ఆ వారం దగ్గర పడితే మన ఇళ్ళల్లో ఈనాటికీ కొవ్వొత్తులు, అటుకులు సర్దుతారు.

నిరుడు శ్రావణంలో ఒక పెద్దమ్మ వచ్చి, "బావూ, మా కొబ్బరిచెట్టు గెలేసింది, రాసుకో" అంది. 2019 వానల్లో సంఘం పంచిన దేశవాళీ మొక్క అది. ఆ రకం కాపుకి రావడానికి ఆరేడేళ్ళు పడుతుంది, ఈమెది ఐదేళ్ళకే వేసింది. అంట్లు తోమిన నీళ్ళ మహిమ అని ఆమె వాదన. ఇది నష్టాల పుస్తకం, ఇందులో అలాంటివి రాయకూడదన్నాను. "పడిపోయిన్నాడు రాసినావు, కాసిన్నాడు రాయవేటి?" అంది. నాకు నోట మాట రాలేదు. పుస్తకం తిరగేసి చివరి పేజీలో రాశాను.

అది తెలిసి జనం రావడం మొదలెట్టారు. మొదట్లో నాకు చిరాకే వేసింది. రికార్డు అంటే రికార్డులా ఉండాలి కదా. "మా నాన్న ఆసుపత్రి నుంచొచ్చి రెండు ఇడ్లీలు తిన్నాడు" అని ఒకరు. "జీడి పూత మంచుకి మాడలేదు" అని ఒకరు. ఏడో తరగతి పిల్ల రాసింది చూడండి: "చెరువు గట్టు కొబ్బరికి గిజిగాడి గూళ్ళు మూడు. ఒకటి సగమే." తిత్లీ తరవాత గిజిగాడు కట్టుకోవడానికి మన గట్టు మీద మట్ట మిగల్లేదు. మర్నాడు వెళ్ళి నేనూ లెక్కపెట్టొచ్చాను. మూడే.

ఉగాది సాయంత్రం పెద్దమ్మ గెల కోశారు. పిందెలు రాలిపోగా నిలిచినవి తొమ్మిది బొండాలు. కోసింది వాళ్ళాయన. ఒకప్పుడు రోజుకి పాతిక చెట్లెక్కి దింపిన మనిషి, ఇప్పుడు డయాలసిస్ మీద ఉన్నాడు. చెట్టు పొట్టిది కాబట్టి ఎక్కే పనిలేకుండా నేల మీదే నిలబడి కోశాడు. బొండాం నీళ్ళలో పొటాషియం ఎక్కువ, ఆయన తాగకూడదు. కొబ్బరితోటల ఉద్దానంలో పుట్టినవాడికి ఇంతకన్నా శిక్ష ఏముంటుంది? తొమ్మిదీ తనే చెక్కి బడి పిల్లలకి ఇచ్చాడు. ఆఖరిది ఇచ్చాక కత్తికంటిన నీళ్ళు వేలితో తుడిచి, వాసన చూసి, నవ్వాడు. ఆ పేజీ మాస్టారే స్వయంగా రాశారు.

ఇప్పుడు అసలు బాధ. చెరువు గట్టు మొక్కలకి పాదులు తియ్యడానికి పేర్లిచ్చినవారు 32 మంది, వచ్చినవారు ఆరుగురు. అందులో నలుగురు అరవై దాటినవారు. వలస వెళ్ళినవాళ్ళని నేనేమీ అనను. ఊళ్ళోనే ఉండి, ఫోటో రోజున ముందు వరసలో నిలబడ్డవారిని అంటున్నాను. కొబ్బరి మొవ్వు తొలిచే కొమ్ము పురుగు మందు కోసం ఒక కార్యాలయంలో మూడు అర్జీలిచ్చాం. మందు రాలేదు గానీ రసీదులు మూడూ భద్రంగా ఉన్నాయి.

జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు. అప్పు లేదు, మిగులు కూడా చెప్పుకోదగ్గంత లేదు. చందా బాకీదారుల పేర్లు చదవొద్దని మాస్టారు ఆపారు కాబట్టి ఆగాను.

రిజిస్టరు ఈ రోజు సమావేశం గదిలో కిటికీ దగ్గర బల్ల మీద ఉంటుంది. వెనక నుంచి పదకొండో పేజీ నడుస్తోంది. పెన్ను దారంతో కట్టాం, దయచేసి పట్టుకుపోకండి. ఇది నాలుగోది.

ఇట్లు,
కార్యదర్శి