ఎవరూ చూడని చోట

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అంది నాలుగు రోజులైంది. ఇన్నాళ్లూ జవాబు రాయకపోవడానికి కారణం బద్ధకం కాదు, చివర నువ్వు వేసిన ప్రశ్న. పైవాడు చూస్తున్నాడన్న భయమే లేకపోతే, ఎవరూ చూడని చోట నిన్ను ఆపేదెవరు అన్నావు.

నీకు ఇంతవరకు చెప్పని సంగతి ఒకటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను వేసిన లెక్కల్లో ఒక సున్నా ఎక్కువ పడింది. ఆ కాగితం నా పక్కన కూర్చునే కుర్రాడి చేతిమీదుగా వెళ్లడంతో తప్పు అతని నెత్తిన పడింది. అందరి ముందూ చీవాట్లు పెడుతున్నంతసేపూ అతను తల వంచుకుని కలం మూత తీస్తూ, పెడుతూ నిలబడ్డాడు. నేను ఎదురుగా కూర్చుని కూడా నోరు మెదపలేదు. అప్పటికే దేవుడి మీద నమ్మకం పోయినవాణ్ణి కనుక నాకు నరకభయం లేదు, పట్టుబడతానన్న బెంగా లేదు. అయినా ఆ మూత టిక్కుటిక్కుమన్న చప్పుడు మూడు రాత్రులు కన్ను మూయనివ్వలేదు. నాలుగో రోజు పొద్దున్నే వెళ్లి ఒప్పుకున్నాను.

అది చిన్నప్పుడు విన్న భక్తి కథల చలవే అంటావని తెలుసు. కొంత నిజమే కావచ్చు. కానీ 2006లో వార్నెకెన్, టొమసెల్లో అనే పరిశోధకులు, చేజారిన వస్తువును అందుకోలేకపోవడం లాంటి చిన్న చిన్న అవస్థలు పడే మనిషిని 18 నెలల పసివాళ్లకు చూపిస్తే, 24 మందిలో 22 మంది కనీసం ఒకసారైనా ఏ బహుమతీ లేకుండానే సాయం చేశారు. మాటలే సరిగా రాని వయసు అది. దాన్ని అంతరాత్మ అనడం ఎక్కువే అవుతుంది గానీ, మొలక కాదనలేం. అంతెందుకు, ధర్మవిచారమే ప్రాణంగా బతికిన మీమాంసకుల్లో కుమారిలభట్టు అనే పూర్వకాలపు పండితుడు సృష్టికర్తను ఒప్పుకోలేదు. వేదాన్ని తలమీద పెట్టుకున్న మనిషే ఆ మాటన్నాడు చూడు.

నీ సంగతికే వస్తాను. రాముణ్ణి ఇంతగా కొలిచే నీకు, వాలిని చాటునుంచి కొట్టడం ఏనాడూ మింగుడుపడలేదు కదా! ఆ తప్పొప్పులు ఏ కొలతతో చూశావు? ఆ కొలత రాముడే ఇచ్చాడనుకుంటే రాముణ్ణి దానితో తూచడం ఎలా కుదిరింది?

ఒక్కచోట మాత్రం నీ మాట నన్ను వెంటాడుతోంది. తప్పు చేశాక క్షమించమని అడగడానికి నీకు ఒకడున్నాడు. నాకు ఆ కుర్రాడు తప్ప ఎవరూ లేరు. అతను "పరవాలేదండీ" అన్నాడు గానీ, నా ముఖం వైపు చూడలేదు.

నీ
మిత్రుడు