దండ వేసుకున్న మనిషి చివరకు వచ్చేది ఇంటికే

సంపాదకుల వారికి నమస్కారం.

గత జూలై 26న కార్గిల్ విజయ దినోత్సవం సందర్భంగా మా మండల కేంద్రంలో మాజీ సైనికులకు జరిగిన సన్మానం ఫొటోను మీ పత్రిక జిల్లా సంచికలో ప్రచురించారు. మెడలో దండలతో వరసగా నిలుచున్న వారిలో నా భర్త కూడా ఉన్నారు. ఎన్నోవారో చెప్పను. ఆ ఫొటో తీసిన పది నిమిషాలకు కుర్రాళ్లు ఉత్సాహంతో వెయ్యి టపాసుల సరం ముట్టించారు. దండ మెడలో ఉండగానే ఆయన వేదిక దిగి, బడి వెనుక ఉన్న నీళ్ల ట్యాంకు గోడకు వీపు ఆనించి కూర్చున్నారు. నేను వెతుక్కుంటూ వెళ్లేసరికి చొక్కా అంతా చెమటతో తడిసిపోయి ఉంది. "అయిపోయిందా?" అని మాత్రం అడిగారు. ఇది వార్తలో రాలేదు. విలేకరి అటువైపు రాలేదు కాబట్టి ఆయన్ని తప్పుపట్టను. కానీ యుద్ధం నుంచి వచ్చిన మనుషుల గురించి మన పత్రికల్లో ఇన్నేళ్లుగా వేదిక ముందు జరిగేదే వస్తోంది గనుక, ట్యాంకు వెనుక జరిగేదాన్ని ఒకసారి రాయాలనిపించింది.

నా భర్త 1993లో, పంతొమ్మిదో ఏట, ఫిరంగి దళంలో చేరారు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలిటరీ మాధవరమని అందరూ పిలుస్తారు గానీ, అలా పేరు పడని మిలిటరీ ఊళ్లు మా శ్రీకాకుళం జిల్లాలోనూ తక్కువేమీ లేవు. 1999 వేసవిలో ఆయన ద్రాస్ ప్రాంతంలో బోఫోర్స్ ఫిరంగి దగ్గర పనిచేశారు. ఆ యుద్ధంలో మన వైపు నుంచే రెండున్నర లక్షల దాకా గుండ్లు, రాకెట్లు పేలాయి. అవతలి నుంచి పడినవి వేరు. మన సైనికులు 527 మంది తిరిగి రాలేదు. వారిలో ఆయనతో ఒకే కంచంలో తిన్నవారు ఇద్దరున్నారని నాకు పెళ్లయిన పందొమ్మిదేళ్లకు తెలిసింది. తరువాత కశ్మీర్ లోయలో మిలిటెంట్లను ఎదుర్కొనే రాష్ట్రీయ రైఫిల్స్ దళంలో ఒక విడత పనిచేసి, 2017లో హవల్దారుగా పెన్షన్ వచ్చారు.

అరవై రోజుల సెలవు మీద వచ్చే మనిషి ఇంటికి చుట్టం లాంటివాడు. మొదటి పది రోజులు విందులతోనూ, చివరి పది రోజులు పెట్టె సర్దడంతోనూ గడిచిపోతాయి. మధ్య రోజుల్లో ఆయన అర్ధరాత్రి లేచి వరండాలో తిరుగుతుంటే సెంట్రీ డ్యూటీ అలవాటు పోలేదని నవ్వుకునేదాన్ని. మనిషి పూర్తిగా ఇంటికి వచ్చాకే, యుద్ధం మనసుకు పట్టించిన జబ్బు కూడా పూర్తిగా పైకి వచ్చింది. ఇలా ఏళ్ల తరువాత బయటపడటం ఈ జబ్బు లక్షణాల్లో ఒకటని డాక్టరుగారు చెప్పేదాకా, అప్పుడెప్పుడో 1999లో జరిగినదానికీ ఇప్పటి కోపానికీ సంబంధం ఉంటుందని మాలో ఎవరికీ తోచలేదు. హోటల్‌కు వెళితే గోడకు వీపు పెట్టి, తలుపు కనిపించే కుర్చీలోనే కూర్చునేవారు. బస్సులో ఎవరైనా సంచి వదిలి దిగితే తానూ దిగిపోయేవారు. ఒక సాయంత్రం మా అమ్మాయి వెనుక నుంచి వచ్చి సరదాగా కళ్లు మూస్తే, రెప్పపాటులో ఆ పిల్ల చేయి మెలితిప్పి నేల మీద పడేశారు. ఆ తరువాత నెల రోజులు అమ్మాయి దగ్గరకు వస్తే ఆయనే లేచి అవతలి గదిలోకి వెళ్లిపోయేవారు. మేము దాన్ని ఆయన కోపం అనుకున్నాం. తన చేతుల మీద తనకే నమ్మకం పోయిందని అర్థం కావడానికి మాకు చాలా కాలం పట్టింది.

మిలిటరీ క్యాంటీన్ కార్డు మీద నెలనెలా వచ్చే సీసాల సంగతి కూడా దాచకుండా రాస్తాను. రెండు పెగ్గులు పడితే గానీ నిద్ర రాదనేవారు. పడిన నిద్ర రెండు గంటలకే విరిగి, ఆ తరువాత వచ్చే పీడకలలు మరింత ఘోరంగా ఉండేవి. మిలిటరీ వాళ్లంతా తాగుతారులే అన్న ఒక్క మాటతో ఊరు ఆయన జబ్బు మీద ముసుగు కప్పేసింది. నిజం చెప్పాలంటే, ఆ మాట నాకూ కొంతకాలం సౌకర్యంగానే ఉండింది.

అందరికంటే మా అత్తగారే జబ్బును ముందుగా పోల్చుకున్నారు. "వీడు జడుసుకున్నాడే" అన్నారావిడ. చదువుకున్నదాన్ని, తెలుగు ఉపాధ్యాయురాలిని, నేను ఆ మాటను కొట్టిపారేశాను. ఆవిడ తాయెత్తు కట్టించారు, దర్గాకు తీసుకెళ్లారు, ఫలితం లేకపోయింది. కానీ పిల్లలకు జడుపు జ్వరం వచ్చినట్టే పెద్దవాడికీ, తుపాకి పట్టినవాడికీ జడుపు పట్టుకోగలదని ఆవిడ ఒప్పుకున్నారు, మేము ఒప్పుకోలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో దీనికి షెల్ షాక్ అని పేరు పెట్టారు. ఆ పేరు పుట్టాక కూడా, ఆ స్థితిలో ఉన్న కొందరు సైనికులను పిరికివాళ్లుగా లెక్కగట్టి సొంత సైన్యాలే కాల్చివేశాయి. ఇప్పుడు డాక్టర్లు వాడుతున్న పి.టి.ఎస్.డి. (ఘోరమైన అనుభవం తరువాత మనసుకు పట్టే జబ్బు) అనే పేరు 1980లో గానీ వైద్యుల జాబితాకు ఎక్కలేదు. జడుపు అన్న మాటలో నింద లేదు, దిగదుడుపు ఎలాగూ పనిచేయదని తెలిసినా ఆ మాట మాత్రం ఉంచుకోదగ్గదని ఇప్పుడు నాకనిపిస్తోంది.

ఇక తుపాకి. మాజీ సైనికులు చాలామంది సొంత లైసెన్సు తుపాకితో బ్యాంకుల్లో గన్‌మెన్‌గా చేరతారని పాఠకులకు తెలుసు. నా భర్త కూడా ఏడాదిపాటు ఆ ఉద్యోగం చేసి మానేశారు. ఉద్యోగం పోయినా తుపాకి ఇంట్లోనే ఉండిపోయింది. ఒక రాత్రి రెండు గంటలకు నాకు మెలకువ వచ్చేసరికి ఆయన మంచం చివర కూర్చుని దాన్ని తుడుస్తున్నారు. తుడవడంలో తప్పేముంది, ఇరవై నాలుగేళ్ల అలవాటు. కానీ ఆ తుడవడం ఎంతకీ పూర్తికాలేదు. నేను మాట్లాడకుండా పక్కన కూర్చున్నాను, తెల్లవారింది. 2019 ఎన్నికలకు లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్‌లో జమ చేయమన్నప్పుడు అందరిలాగే ఆయనా జమ చేశారు. ఎన్నికలు ముగిశాక దాన్ని తెచ్చుకోవద్దని నేనూ మా మరిదీ బతిమాలాం. ఆయన మారు మాట్లాడకుండా ఒప్పుకున్నారు. ఎవరైనా ఆ మాట అంటే బాగుండునని ఎదురుచూస్తున్నట్టు ఒప్పుకున్నారు. ఎన్నికలు లేకపోయినా లైసెన్సు తుపాకిని పోలీసు స్టేషన్‌లోనో, లైసెన్సు ఉన్న ఆయుధ వ్యాపారి దగ్గరో జమ చేసే వీలుంది. నాలాంటి స్థితిలో ఉన్న ఆడవాళ్లు ఈ ఉత్తరం చదివితే, మిగతాదంతా వదిలేసినా ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకోవాలని కోరుతున్నాను. ఏదైనా జరిగితే పోలీసు కేసవుతుందన్న భయంతో నేను ఆ రాత్రి సంగతి డాక్టరుకు కూడా చాలాకాలం చెప్పలేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాడిగానే భావించి, శిక్షించకుండా వైద్యం అందించాలంటోందని అప్పటికి నాకు తెలియదు.

బంధువులను నమ్మించడం మరో యాతన. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు, మా వీధిలో అందరికంటే నిబ్బరంగా ఉన్న మనిషి ఆయనే. ముసలివాళ్లను బడి భవనంలోకి చేర్చారు, తెల్లవారాక తాళ్లూ గొడ్డళ్లూ పట్టించి రోడ్డుకు అడ్డంగా పడిన కొబ్బరి చెట్లను తీయించారు. ఆ పది రోజులూ రాత్రిళ్లు హాయిగా నిద్రపోయారు. కరెంటు వచ్చి, ఊరు సర్దుకుని, చేయడానికి పనేమీ లేని వారం మొదలయ్యాకే మళ్లీ కేకలు మొదలయ్యాయి. అంత పని చేసిన మనిషికి జబ్బేమిటని మావాళ్లు నన్నే అనుమానించారు. నిజానికి ప్రమాదంలో నెమ్మదిగా, నెమ్మదిలో ప్రమాదంగా ఉండటమే ఆయన జబ్బు.

చికిత్స విషయానికొస్తే, మాజీ సైనికుల ఆరోగ్య పథకం 2003 నుంచి ఉంది, మాకు కార్డు కూడా ఉంది. మేము వెళ్లిన పాలీక్లినిక్‌లో నిద్ర పట్టడం లేదంటే నాలుగు సార్లు నిద్రమాత్రలే రాశారు. నిద్ర ఎందుకు పట్టడం లేదని ఎవరూ అడగలేదు. 2020 మొదట్లో విశాఖపట్నంలో ఒక మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్లాం. ఆయన ముందు నా భర్తతో మాట్లాడి, తరువాత నన్ను విడిగా పిలిచి, "మీరు సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్లయిందమ్మా?" అని అడిగారు. జవాబు చెప్పలేక ఏడ్చేశాను. కుంగుబాటుకు ఇచ్చే సెర్ట్రలిన్ రకం మందులే దీనికీ ఇస్తారు. గుణం కనిపించడానికి వారాలు పడుతుంది, తగ్గిందని మనంతట మనం ఆపకూడదు. మందుతో పాటు, ఆ జ్ఞాపకాన్ని మెల్లమెల్లగా తిరిగి తలచుకుని మాటల్లో పెట్టించే చికిత్స అవసరం. అక్కడే నాకొక విషయం తెలిసింది. నా భర్త యుద్ధమంతా హిందీలో జరిగింది. ఆజ్ఞలు హిందీ, తిట్లు హిందీ, ఆ ఇద్దరు స్నేహితుల చివరి మాటలు హిందీ. డాక్టరుగారికి హిందీ వచ్చు కాబట్టి చెప్పగలిగారు. మాకెందుకు చెప్పలేదని నేను పెట్టుకున్న నిష్ఠూరమంతా ఆ రోజుతో పోయింది; దాన్ని చెప్పడానికి తెలుగులో ఆయన దగ్గర మాటలే లేవు.

సర్వీసులో ఉండగా ఎందుకు చెప్పలేదని అడగవచ్చు. ప్రతి సైనికుడికీ షేప్ వన్ అన్న మాట తెలుసు, అన్ని విధాలా ఆరోగ్యంగా ఉన్నాడని దాని అర్థం. వైద్య పరీక్షలో మనిషిని అయిదు అక్షరాలుగా కొలుస్తారు, అందులో మొదటి అక్షరం మనసుది. ఆ అక్షరం దగ్గర అంకె మారితే ప్రమోషన్ ఆగిపోతుందని, తోటివాళ్లు వేరుగా చూస్తారని భయం. డిశ్చార్జికి ముందు జరిగిన వైద్య పరీక్షలో కూడా ఆయన అంతా బాగుందనే చెప్పారు. ఫిరంగుల పక్కన పనిచేసి ఎడమ చెవి సగం పోయిన సంగతి కూడా చెప్పలేదు. టీవీ అంత గట్టిగా పెడతారేమని మేము పోట్లాడుకున్న రోజులకు లెక్కలేదు.

ఇన్నేళ్లలో నేర్చుకున్నవి కొన్ని ఉన్నాయి. పీడకలలో ఉన్న మనిషిని తాకి లేపకూడదు. అందనంత దూరంలో నిలబడి, దీపం వేసి, పేరు పెట్టి పిలిచి, "ఇది మన ఇల్లు" అని చెప్పాలి. పేరు పెట్టి పిలవడం నాకు మొదట్లో నోరు రాలేదు, ఇప్పుడు అలవాటైంది. ఎంతమందిని కాల్చావు బాబాయ్ అని అడిగే పిల్లలను మెల్లగా పక్కకు తప్పించాలి. కథ చెప్పమని బలవంతపెట్టకూడదు, చెప్పడం మొదలుపెట్టినప్పుడు స్టవ్ మీద ఏమున్నా కట్టేసి వినాలి. దీపావళికి వీధి పెద్దలను అడిగి టపాసుల వేళ ముందుగా తెలుసుకుంటాం. ముందే తెలిసిన చప్పుడు ఆయన్ను అంతగా బాధించదు. అయితే భర్త జబ్బు పేరుతో దెబ్బలు తినమని ఏ ఆడమనిషికీ నేను చెప్పను. చేయి లేచే ఇంట్లో పిల్లలను తీసుకుని ఆ రాత్రికి బయటకు వెళ్లడమే సబబు; జబ్బుకు చికిత్స మరునాడు చేయించవచ్చు. 14416 నంబరుకు ఫోన్ చేస్తే, మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే టెలిమానస్ వారు తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. రోగితో పాటు అతనితో బతుకుతున్నవారూ ఆ నంబరుకు ఫోన్ చేయవచ్చు, నేను చేశాను.

సైనిక సంక్షేమ అధికారులను, మన ప్రజాప్రతినిధులను అడగదలచుకున్నది పెద్ద ఖర్చు వ్యవహారం కాదు. డిశ్చార్జి సమయంలో పెన్షన్ కాగితాలు, క్యాంటీన్ కార్డు ఎలా వాడాలో చెప్పినట్టే, సైనికుడి భార్యను లేదా తల్లిదండ్రులను కూర్చోబెట్టి, ఇలాంటి లక్షణాలు కనిపిస్తే ఇక్కడికి తీసుకురండి అని వాళ్ల భాషలో ఒక గంట చెప్పాలి. ఆ గంట 2017లో నాకు దొరికి ఉంటే, మా అమ్మాయి చేయి మెలిపడక ముందే మేము విశాఖ వెళ్లి ఉండేవాళ్లం. జిల్లాలోని పాలీక్లినిక్‌కు మానసిక వైద్యుడు నెలకు ఒక్కసారైనా రావాలి. వంద కిలోమీటర్ల బస్సు ప్రయాణం చేసి మనసు బాగోలేదని చెప్పమంటే ఏ హవల్దారూ వెళ్లడు. 2022 నుంచి అగ్నివీరులుగా చేరుతున్న మా ఊరి పిల్లల గురించి మరీ దిగులుగా ఉంది. నాలుగేళ్ల తరువాత నూటికి డెబ్బై అయిదు మంది వెనక్కి వస్తారు, పథకం నిబంధనల ప్రకారం వాళ్లకు మాజీ సైనికుల ఆరోగ్య కార్డు ఉండదు. సరిహద్దులో వాళ్లు చూసేది మాత్రం మా ఆయన చూసినదానికి తక్కువేమీ కాకపోవచ్చు. సన్మానాలు చేసేవారికి కూడా ఒక మనవి: దండ వేయండి, శాలువా కప్పండి, టపాసులు మాత్రం వద్దు.

నా పేరు, ఊరి పేరు ప్రచురించవద్దని కోరుతున్నాను. అమ్మాయికి సంబంధాలు చూస్తున్నాం. తండ్రికి మతి సరిగ్గా లేదట అన్న మాట ఎంత త్వరగా పాకుతుందో మీకు తెలియనిది కాదు. ఈ ఉత్తరాన్ని పంపే ముందు ఆయనకు చదివి వినిపించాను. ఒక వాక్యం కొట్టేయమన్నారు, కొట్టేశాను. తుపాకి సంగతి మాత్రం ఉండనివ్వమన్నారు.

ఇట్లు,
ఒక మాజీ హవల్దారు భార్య,
శ్రీకాకుళం జిల్లా