మా తీర్థం క్షేమంగా జరిపించిన సుబేదార్ గారికి కృతజ్ఞతలు

కనుమ వెళ్లి వారమైంది. ఈ నాలుగు ముక్కలూ ఆ రాత్రే రాయాల్సింది. వెదురుతో కట్టి అలంకరించిన ప్రభల్ని భుజాల మీద మోసుకెళ్లే మా ఊరి ప్రభల తీర్థం ఈసారి ఎవరికీ చిన్న దెబ్బ తగలకుండా జరిగింది. అందుకు ముందుగా దండం పెట్టాల్సిన మనిషి ఒకరున్నారు. పేరు రాయొద్దని గట్టిగా చెప్పారు. ఊళ్లో అందరం సుబేదార్ గారనే అంటాం.

పోయినేడు కాలువ వంతెన మీద తోపులాటలో మా అమ్మ పడిపోయింది. కోనసీమలో పేరున్న జగ్గన్నతోట తీర్థం అంత పెద్దది కాదు మాది. అయినా ప్రభ వంతెన ఎక్కే వేళకి అటు వాళ్లు ఇటు, ఇటు వాళ్లు అటు ఒక్కసారే తోసుకొచ్చారు. ఎవరో పుణ్యాత్ములు చెయ్యందించి లేపారు కాబట్టి మణికట్టు విరగడంతో పోయింది. కమిటీలో నేనూ ఉన్నాను, తప్పు మాది. 2015 జూలై 14న రాజమండ్రి పుష్కర ఘాట్ దగ్గర జరిగిన తొక్కిసలాటని గోదావరి వాళ్లం ఎవరమూ మర్చిపోలేదు. మన ఊళ్లో ఏమవుతుందిలే అనుకున్నాం, అంతే.

ఈసారి పండక్కి నెల ముందే ఆయన గుమ్మం ఎక్కాను. 18 ఏళ్లకి మద్రాస్ రెజిమెంట్‌లో చేరి వెల్లింగ్టన్‌లో ట్రైనింగ్ అయ్యారు. తర్వాత కాశ్మీర్‌లో రాష్ట్రీయ రైఫిల్స్, ఆపైన డెప్యుటేషన్ మీద మానేసర్‌లో ఎన్‌ఎస్‌జీ. 2008లో ముంబై తాజ్ హోటల్లోకి వెళ్లిన బ్లాక్ క్యాట్ కమాండోలది ఆ దళమే. ఆ రోజుల గురించి అడిగితే మాత్రం మాట మార్చేస్తారు. చివర్లో మిజోరంలోని వైరెంగ్టేలో, అడవిలో తీవ్రవాదులతో పోరాడటం నేర్పే ఆర్మీ స్కూల్లో ఇన్‌స్ట్రక్టర్. రిటైరయ్యాక కాకినాడలో సెక్యూరిటీ గార్డులకి పాఠాలు చెప్పారు. అంతటి మనిషిని ఊరి తీర్థం కోసం ఎలా అడగాలా అని జంకాను. ఆయన మాత్రం, "పొద్దున్నే వంతెన దగ్గరికి రా బాబూ, టేపు తెచ్చుకో" అన్నారు.

మంచు ఇంకా విడలేదు. పిట్టగోడ నుంచి పిట్టగోడకి కొలిస్తే పదకొండు అడుగులు. ప్రభ మోసేవాళ్లు పోగా పక్కన ఎంత చోటు మిగులుతుందో నన్నే నిలబెట్టి చూపించారు. నా భుజం గోడకి ఆనుకుంది. "ఏ ఇంట్లోకి వెళ్లినా బయటికొచ్చే దారి ముందు చూసుకోమని మాకు నూరిపోసేవాళ్లు. మీ జనానికి ఆ దారేది?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. కొబ్బరితోటలోంచి లాకుల దాకా నడిచి, దారి ఆయనే కనిపెట్టారు. రావడానికి వంతెన, పోవడానికి లాకులు. తోట రైతు కంచె తీయించారు, దాళ్వా చేలవాళ్లు గట్టు వదిలారు. వంతెన మొదట్లో ఉండే జీళ్ల కొట్లు, ఖర్జూరం కొట్లు యాభై అడుగులు వెనక్కి జరిపించడానికి ప్రతి కొట్టుకీ స్వయంగా వెళ్లి నచ్చజెప్పారు.

తర్వాత రెండు సాయంత్రాలు హైస్కూల్ అరుగు మీద నలభైమంది కుర్రాళ్లకి క్లాసు. "ప్రైవేట్ సెక్యూరిటీ ఏజెన్సీల 2005 చట్టం కింద వచ్చిన నమూనా రూల్స్‌లో ఒక గార్డుకి 100 గంటల క్లాసు, 60 గంటల ఫీల్డ్ ట్రైనింగ్ రాశారు. మనకున్నవి నాలుగు గంటలే, చెవులు ఇటివ్వండి" అని మొదలుపెట్టారు. దిక్కులేని సంచి కనబడితే ముట్టుకోకూడదు, దాని దగ్గర ఫోన్ వాడకూడదు, కేకలు పెట్టకుండా జనాన్ని వెనక్కి పంపాలి, పోలీసులకి చెప్పాలి. ఇవే పదేపదే చెప్పించారు.

కనుమ సాయంత్రం రావిచెట్టు కింద నిజంగానే ఒక సంచి కనబడింది. డిగ్రీ చదివే కుర్రాడొకడు నేర్పింది నేర్పినట్టు చేశాడు. చుట్టూ కొబ్బరితాడు కట్టి, దూరంగా వచ్చి కానిస్టేబుల్ గారికి చెప్పాడు. మైకులో పిలిస్తే ఒక తల్లి పరుగెత్తుకొచ్చింది. సంచిలో పాలసీసా, రెండు పిల్లాడి చొక్కాలు. సుబేదార్ గారు ఆమెని ఒక్క మాట అనలేదు. "బాబు ఏడమ్మా?" అని ముందు అడిగారు. తర్వాత ఆ కుర్రాడి దగ్గరికెళ్లి భుజం తట్టారు.

తోట రైతుకి, కొట్లవాళ్లకి, బందోబస్తుకి వచ్చిన పోలీసులకి, రెండు సాయంత్రాలూ మా అందరికీ అరిసెలు పెట్టిన పిన్నిగారికి కమిటీ తరఫున నమస్కారాలు. సుబేదార్ గారూ, శాలువా కప్పుతామంటే ఆ డబ్బుతో ఇంకో రెండు మోకులు కొనమన్నారు. కొన్నామండి, గుడి గదిలో పెట్టాం.

ఈ కనుమకి అమ్మ ఆ వంతెన మీదే నడిచి వెళ్లి, ప్రభ దగ్గర కొబ్బరికాయ కొట్టి, లాకుల మీదుగా ఇంటికొచ్చింది. అందులో ఒక చెక్క మీకని పక్కన పెట్టి పంపింది. అందిందనుకుంటాను.