నైరోబీ స్వీడిష్ బడికి, అక్కడి అమ్మానాన్నలకి మా కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. వచ్చే వారం మేం నైరోబీ వదిలి హైదరాబాద్ వచ్చేస్తున్నాం. సామాన్లు సర్దకముందే ఈ నాలుగు మాటలు రాయాలి, లేకపోతే నా మనసు ఊరుకోదు.

మా అమ్మాయి స్టాక్‌హోమ్‌లో పుట్టింది. అక్కడే కిస్తా అనే పేటలో మావారి ఉద్యోగం. ఇంట్లో తెలుగు, బడిలో స్వీడిష్. అది మూడో తరగతిలో ఉండగా కంపెనీవాళ్లు మావారిని రెండేళ్లకని ఇక్కడికి పంపారు. మొదట అడిగిన స్కూల్లో టెస్ట్ పెట్టి, ఇంగ్లిష్ సరిగా రాదు కాబట్టి రెండు క్లాసులు వెనక్కి వేస్తామన్నారు. లెక్కలన్నీ కరెక్టుగా చేసిన పిల్ల. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

ఎవరో చెబితే స్వీడిష్ బడికి వెళ్లాం. చాలా చిన్న బడి. పని మీద ఇక్కడికొచ్చి రెండు మూడేళ్లుండే స్వీడన్ వాళ్ల పిల్లలు, తిరిగి వెళ్లాక అక్కడి క్లాసులో తడబడకుండా కూర్చోవాలని అదే సిలబస్ చెబుతారు. ఇలాంటి బడులకి స్వీడన్ ప్రభుత్వం గ్రాంటు ఇస్తుంది కానీ, అది ముఖ్యంగా వాళ్ల పౌరుల పిల్లల కోసం. మావి ఇండియన్ పాస్‌పోర్టులు. ఆ మాట ఎలా చెప్పాలా అని మేం మొహమాటపడుతుంటే, టీచరు గారు అప్పటికే మా అమ్మాయితో స్వీడిష్‌లో కబుర్లలో పడిపోయారు. సోమవారం నుంచి పంపమన్నారు. ఫీజు వాయిదాల్లో కట్టుకోనిచ్చారు.

అక్కడ పిల్లలు టీచర్లని పేరు పెట్టి పిలుస్తారు, అది స్వీడన్ పద్ధతి. నాకు మాత్రం నోరు రాలేదు, చివరిదాకా టీచరు గారనే అన్నాను.

ఇంట్లో కూడా స్వీడిష్ మాట్లాడమంటారా అని ఆవిడని ఒకరోజు అడిగాను. వద్దే వద్దు, తెలుగే మాట్లాడండి, అది గట్టిపడితే ఇదీ గట్టిపడుతుంది అన్నారు. స్వీడన్‌లో ఇంట్లో వేరే భాష ఉన్న పిల్లలకి బడి తరఫునే మాతృభాష క్లాసు ఉంటుంది, కిస్తాలో మా అమ్మాయికీ ఉండేది. ఇక్కడ తెలుగు టీచర్‌ని ఎక్కణ్ణుంచి తెస్తారు? ఆవిడ నాచేత అట్టల మీద అక్షరాలు రాయించి, స్వీడిష్ అక్షరాల కింద గోడకి అంటించారు. వాళ్లవి 29, మనవి 56. ఏడేళ్ల పిల్లాడొకడు ‘ఠ’ దగ్గర ఆగి, ఇది కన్ను కదా అన్నాడట. అప్పట్నుంచి క్లాసంతా దాన్ని కన్నక్షరం అంటారు.

డిసెంబర్ 13న లూసియా, స్వీడన్ వాళ్ల దీపాల పండగ. ఆ సమయంలో స్టాక్‌హోమ్‌లో ఎనిమిదిన్నరైనా సూర్యుడు రాడు. నైరోబీ భూమధ్యరేఖ పక్కనే కదా, ఆరున్నరకే వెలుతురు. అందుకని కిటికీలన్నిటికీ దుప్పట్లు కట్టి హాలు చీకటి చేశారు. ఆ ఏడు లూసియా వేషం చీటీ మా అమ్మాయికి వచ్చింది. తెల్ల గౌను, నడుముకి ఎర్ర రిబ్బను, తల మీద దీపాల కిరీటం. రెండు జడలు కదలకుండా ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చింది. మావారు వీడియో తీస్తూ ఏడ్చేశారు.

ఇక ఫిబ్రవరి సంగతి. నైరోబీ ఎత్తు మీద ఉంటుంది కాబట్టి మలేరియా భయం తక్కువ, విక్టోరియా సరస్సు ఒడ్డున ఉన్న కిసుములో ఎక్కువ. మావారు పని మీద అక్కడికి వెళ్లొచ్చిన పదో రోజున జ్వరం, ఆ మర్నాడే ఐసీయూ. తొమ్మిది రోజులు నేను ఆసుపత్రిలోనే ఉన్నాను. ఆ తొమ్మిది రాత్రులూ మా అమ్మాయి క్లాస్‌మేట్ వాళ్లింట్లో పడుకుంది. అడిగింది నేను కాదు, ఆ తల్లే వచ్చి బట్టల బ్యాగు పట్టుకుపోయింది. రెండో రోజు వాట్సాప్‌లో వీడియో కాల్ చేసి, పప్పు ఎంతసేపు ఉడకాలి, పోపులో ముందు ఏం వెయ్యాలి అని అడిగింది. నెయ్యి లేదని వెన్న వేసి పప్పన్నం పెట్టింది. బడి వ్యాన్ డ్రైవరు రోజూ మధ్యాహ్నం పిల్లని ఆసుపత్రి గేటు దగ్గరికి తీసుకొచ్చి, నన్ను చూపించి తీసుకెళ్లేవాడు. ‘పోలే, మామా’ అనేవాడు. స్వాహిలీలో మామా అంటే అమ్మ, పోలే అనేది మన బాధ తమదిగా తలచి అనే మాట. నైరోబీలోనే పార్క్‌లాండ్స్ పేటలో ఉండే తెలుగువాళ్లు నాకు క్యారియర్లు పంపారు, వాళ్లకీ ఎంతో రుణపడి ఉన్నాను.

టీచరు గారికి, ఆ తల్లికి, డ్రైవరు గారికి, మమ్మల్ని ఎక్కడివాళ్లని అడగకుండా కలుపుకున్న ఆ బడిలోని ప్రతి కుటుంబానికీ మా ముగ్గురి నమస్కారాలు. ఇది నేను తెలుగులో రాస్తున్నా, శుక్రవారం బడి ఆఖరి రోజున స్వీడిష్‌లో చదివి వినిపించే పని మా అమ్మాయి తీసుకుంది. మా పప్పు గుత్తి ఆ తల్లి దగ్గరే ఉంది. ఉంచుకోమని చెప్పాను.