వార్షిక నివేదిక 2024–25: బుడమేరు వరద తర్వాత మన ఆగమన కాలం

సభ్యులందరికీ ప్రభువు నామంలో వందనాలు.

పిక్నిక్, ఆటల పోటీలు, సన్‌డే స్కూల్ బహుమతులు ఈ ఏడాది కూడా ఓ మోస్తరుగా జరిగాయి. లెక్కలు కోశాధికారి గారు విడిగా చదువుతారు. ఈసారి ఎక్కువగా చెప్పాల్సింది డిసెంబరు గురించే, అంటే క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలూ ప్రభువు రాక కోసం ఎదురుచూసే ఆగమన కాలం గురించే.

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్, పాయకాపురం వైపు మన వాళ్ల ఇళ్లు మునిగాయి. అన్నం పొట్లాలు, నీళ్ల డబ్బాలు, బురద ఎత్తడం... మన యువకులు పడ్డ శ్రమ అందరూ చూసిందే. నవంబరు నాటికి నీళ్లు పోయాయి, ఎదురుచూపులు మిగిలాయి. కింది అంతస్తు వాళ్లకు ప్రభుత్వం ప్రకటించిన 25 వేలు కొందరికి అందాయి. లిస్టులో పేరు లేనివాళ్లు కాగితాలు పట్టుకుని తిరుగుతూనే ఉన్నారు. టీచర్ ఉద్యోగాల డీఎస్సీకి చదివే మన పిల్లలది ఇంకో టెన్షన్. జూన్‌లో 16,347 పోస్టుల ఫైలు మీద సంతకమైంది, డిసెంబరు వచ్చినా నోటిఫికేషన్ రాలేదు.

ఈ పరిస్థితుల్లో కార్యవర్గం, పండుగకు ముందే కేకు కోసి చేసుకునే సెమీ క్రిస్మస్ మానేసి, డిసెంబరు 1 నుంచి నాలుగు ఆదివారాలూ ఆగమన ప్రార్థనలు పెట్టింది. దీనిమీద వాదన గట్టిగానే జరిగింది. పిల్లలకు ఆ ఒక్క సరదా కూడా లేకుండా చేస్తారా అని తల్లులు అడిగిన మాటలో న్యాయముంది, అందుకే 22న పిల్లల వరకు కేకు తెప్పించాం. నా మటుకు నాకు, నెల మొదట్లోనే కేకులు కోసేసి పాతికో తేదీకి అలసిపోయే పద్ధతి ఎప్పుడూ నచ్చలేదు.

వారానికొకటి చొప్పున ఆగమన కొవ్వొత్తులు వెలిగించే పచ్చకొమ్మల వలయానికి సరుగుడు కొమ్మలు దొరికాయి, ఊదా కొవ్వొత్తులు దొరకలేదు. తెల్లవాటికే ఊదా కాగితం చుట్టాం. కొవ్వొత్తి కరిగే కొద్దీ ఆ కాగితాన్ని కిందికి జరిపే డ్యూటీ కోసం సన్‌డే స్కూల్ పిల్లలు పోట్లాడుకున్నారు.

మొదటి ఆదివారం ప్రార్థన సింగ్ నగర్‌లో ఒక సభ్యురాలి ఇంట్లో జరిగింది. సున్నం ఇంకా వేయలేదు, గోడమీద బురద గీత ఆవిడ భుజం ఎత్తున ఉంది. ఆ రోజు పాఠం లూకా 21వ అధ్యాయం. సముద్ర తరంగాల ఘోషకు జనం కలవరపడతారన్న చోట ఆవిడ గొంతు ఆగిపోయింది. కాసేపాగి, "మీ తలలెత్తికొనుడి" అన్న వచనం దాకా తానే చదివారు. ఆ రోజు వేరే ప్రసంగం అక్కర్లేకపోయింది.

రెండో వారం యిర్మీయా 32, 33 అధ్యాయాలు చదువుకున్నాం. యెరూషలేము చుట్టూ బబులోను సైన్యం, ప్రవక్త యిర్మీయా ఏమో బందీ. అలాంటప్పుడు ఆయన అనాతోతులో పొలం కొని, పదిహేడు తులాల వెండి తూచి ఇచ్చి, దస్తావేజులు మట్టికుండలో భద్రం చేయించాడు. "మనమూ కుండలో పెట్టుకోవాల్సింది, బీరువాలో తడిసిపోయాయి" అని వెనకనుంచి ఎవరో అనేసరికి అందరూ నవ్వారు. ఆ నవ్వులోంచే ఒక పని పుట్టింది. దేవుని కోసం కనిపెట్టుకుని ఎదురుచూడడమంటే చేతులు కట్టుకు కూర్చోవడం కాదని యిర్మీయా చూపించాడు కాబట్టి, ప్రతి ఆదివారం ప్రార్థన అయ్యాక ఒక బల్ల వేసి, తడిసిన పత్రాలకు నకళ్ల దరఖాస్తులు, సాయం అందనివాళ్ల అర్జీలు రాసిపెట్టాం. కొందరి పని అయింది. కానివాళ్లున్నారు. వాళ్ల కోసం క్రిస్మస్ తర్వాతా బల్ల కొనసాగింది.

డీఎస్సీ నోటిఫికేషన్ చివరికి ఏప్రిల్ 20న, సరిగ్గా ఈస్టర్ రోజున వచ్చింది. ఆ రోజు గుడి ఆవరణలో పునరుత్థాన శుభాకాంక్షల కంటే సిలబస్ గురించే ఎక్కువ మాట్లాడుకున్నారు, పాస్టరు గారు కూడా. పరీక్షలయ్యేదాకా మన హాలు రాత్రి పది వరకు వాళ్లకు తెరిచే ఉంటుంది. ఫ్యాన్లు రెండు బాగు చేయించాలి.

2025లో ఆగమన కాలం నవంబరు 30న మొదలవుతుంది. సెమీ క్రిస్మస్ మళ్లీ పెట్టాలా వద్దా అన్నది ఈ సభలోనే తేల్చాలి. అర్జీల బల్ల దగ్గర కూర్చోగలిగినవాళ్లు పేర్లివ్వండి. ఊదా కొవ్వొత్తులు మాత్రం అక్టోబరులోనే ఆర్డర్ ఇద్దాం.

– కార్యదర్శి