సమ్మె రోజున ఆగలేని సరుకు

గౌరవనీయులైన సంపాదకులకు,

కేంద్రం తెచ్చిన నాలుగు కొత్త కార్మిక చట్టాలకు (లేబర్ కోడ్‌లకు) వ్యతిరేకంగా కేంద్ర కార్మిక సంఘాలు 2025 మే 20న తలపెట్టిన దేశవ్యాప్త సమ్మెను జూలై 9కి వాయిదా వేశాయి. అంటే తేదీ ఏడు వారాలకు పైగా ముందే అందరికీ తెలుసు. అయినా రొయ్యల చెరువులున్న పాలకొల్లు, భీమవరం పరిసరాల్లో ఐసు ఫ్యాక్టరీ నడుస్తుందా, లారీ కదులుతుందా, ముఠా కార్మికులు (హమాలీలు) సరుకు లారీకి ఎత్తడానికి వస్తారా అన్న సంగతి ముందురోజు రాత్రి దాకా ఎవరూ తేల్చి చెప్పలేని పరిస్థితి మన దగ్గర ఉంది. ఏ దుకాణం మూయాలో, ఏ బండి ఆగాలో చివరికి ఉదయం జెండాలతో బయలుదేరిన బృందమే వీధిలో నిర్ణయిస్తోంది.

సమ్మె చేసే హక్కును నేను ప్రశ్నించడం లేదు. రోజువారీ పనివేళల పరిమితిని తొమ్మిది గంటల నుంచి పదికి పెంచాలని రాష్ట్ర మంత్రివర్గం అదే ఏడాది జూన్‌లో నిర్ణయించినప్పుడు కార్మికులు వీధుల్లోకి రావడం సహజమే. నా అభ్యంతరం సన్నాహం గురించి. అంబాజీపేటలో రాశి పోసిన కొబ్బరికాయ ఒకరోజు ఆగుతుంది, మిల్లులో ధాన్యమూ ఆగుతుంది. రావులపాలెం మార్కెట్‌కు కోసి తెచ్చిన అరటి గెల అంతసేపు ఆగదు. రొయ్య అసలే ఆగదు. కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో) చూసి, రేటు మాట్లాడుకుని, వల కూలీలనూ ఐసునూ వ్యానునూ కుదుర్చుకున్నాక పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టడం) వాయిదా వేయడం తేలిక కాదు. చెరువులో తెల్లమచ్చ తెగులు కనిపిస్తే ఆ రాత్రికి రాత్రే పట్టేయక తప్పదు. పట్టిన సరుకుకు ఐసు అందకపోతే గంటల్లో మెత్తబడి తలలు నల్లబడతాయి. అప్పుడు కొనుగోలుదారు కిలోకు ఎంత తగ్గించినా రైతు నోరెత్తలేడు. సమ్మె పేరు చెప్పి, బాగున్న సరుకుకు సైతం ముందే రేటు కోసేవారూ ఉన్నారు.

రైతు నష్టమైనా పైకి కనిపిస్తుంది. షెడ్లలో రొయ్యల తలలు తీసి కిలోల లెక్కన కూలి తీసుకునే ఆడవాళ్ల సంగతి అదీ కాదు. సరుకు రాకపోతే వాళ్లకు ఆ రోజు పనే లేదు. జీతం వదులుకుని సమ్మె చేసిన బ్యాంకు ఉద్యోగికి తాను దేనికోసం వదులుకుంటున్నాడో తెలుసు. కొత్త కార్మిక చట్టాల్లో తమకు ఏం మారుతుందో ఈ ఆడవాళ్లకు, నాకు తెలిసినంతవరకు, షెడ్డు యజమాని చెప్పలేదు, సంఘం నాయకుడూ చెప్పలేదు. సమ్మె మాత్రం వాళ్ల పేరు మీద కూడా జరుగుతోంది.

ఆ నాలుగు చట్టాలు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రజోపయోగ సేవల్లో సమ్మెకు మాత్రమే ముందస్తు నోటీసు కోరేది. ఇప్పుడు ఏ పరిశ్రమలోనైనా పద్నాలుగు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఇది సమ్మె హక్కుకు సంకెళ్లు వేయడమేనన్న సంఘాల వాదనతో నేను చాలావరకు ఏకీభవిస్తాను. కానీ ఆ పద్నాలుగు రోజులు ఎలాగూ వచ్చాయి కనుక, ఆ వ్యవధిలో మండల స్థాయి సంఘాల నాయకులు, ఐసు ఫ్యాక్టరీల వారు, కొనుగోలుదారులు, లారీ యజమానులు, రైతులు స్థానిక కార్మిక శాఖ కార్యాలయంలో ఒక్కసారి కూర్చోవడానికి అడ్డేముంది? ఆసుపత్రులకూ పాల వ్యాన్లకూ దారి వదులుతున్నట్టే, వల దిగిన చెరువుకూ, ఐసు బండికీ, కోసిన గెలల లారీకీ వదలాలని అక్కడ రాసుకోవచ్చు. చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్లకు రాత్రి కరెంటు పోతే ఎవరికి ఫోన్ చేయాలో కూడా అందులో ఉండాలి. సమ్మె వంకతో రేటు తగ్గించబోమని కొనుగోలుదారుల చేత అదే కాగితం మీద సంతకం చేయించాలి. వాళ్లు ఒప్పుకోకపోతే ఆ మాటా బయటపెట్టాలి.

మర్నాటి జిల్లా పేజీలో బంద్ సంపూర్ణమా, పాక్షికమా అన్న వార్తకు ఇచ్చే చోటులో కొంత ఆ ఒప్పందానికి కేటాయించి, సమ్మెకు రెండు రోజుల ముందే షెడ్లకూ చెరువు గట్లకూ చేరేలా ప్రచురించవలసిందిగా మీ పత్రికను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఆక్వా రైతు,
పాలకొల్లు